‘మునుం వట్టి’ అన్న మాట గురించి

సభ్యులందరికీ నమస్కారం. దేవరకొండ వైపు పల్లెకు చెందిన ఒక యువకుడు తానే రాసి, తానే పాడి, మన ముందుంచిన కలుపు పాట మీద వారం రోజులుగా అభిప్రాయాలు వస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం మెచ్చుకోళ్లే. అభ్యంతరాలు మాత్రం దాదాపు అన్నీ పల్లవిలోని ఒక్క మాట చుట్టూ తిరుగుతున్నాయి కనుక దానిని కొంచెం నిదానంగా పరిశీలించడం మంచిదనిపించి ఇది రాస్తున్నాను. పల్లవి ఇది (మునుం అంటే చేనులో కూలీలు పక్కపక్కన దిగి ఒకే నడకతో పని చేస్తూ ముందుకు కదలడం, సాలు అంటే చేనులోని మొక్కల వరుస):

మునుం వట్టి ముందు నడిసె మాయమ్మ
ఎనుకదాని సాలు దీసె మాయమ్మ

మొదటి అభ్యంతరం ‘వట్టి’ మీద. వట్టి అంటే ఖాళీ, ఉత్తది అని కదా అర్థం, ‘వట్టి చేతులు’, ‘వట్టి మాటలు’ అంటాము, మరి మునుం వట్టిదైతే తల్లి ముందు నడవడమేమిటి, ఇది ‘పట్టి’ అని ఉండవలసిన చోట పడిన అచ్చుతప్పు లేదా నోటి తప్పు అని ఒక మిత్రుడు రాశారు. అది తప్పు కాదు. మన నల్లగొండ, పాలమూరు ఇళ్లలో రోజూ వినిపించే మాటలనే గుర్తు చేసుకోండి. ‘అన్నం వెట్టు’, ‘బొట్టు వెట్టు’, ‘నీళ్లు వోయి’, ‘చెయ్యి వట్టుకో’ అంటాము. విడిగా పలికినప్పుడు మనకు అది ‘పెట్టు’, ‘పోయి’, ‘పట్టు’ మాత్రమే. ముందొక నామపదం వచ్చి ఆనుకుంటేనే పకారం వకారమవుతున్నది. అంటే ఇది నోటి అలసత్వం వల్ల ఎక్కడపడితే అక్కడ జరిగే మార్పు కాదు, దానికొక చోటు, ఒక నియమం ఉన్నాయి.

ఆ నియమం మనం పదో తరగతికి ముందే చదువుకున్నదే. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో ప్రథమ (ఏ విభక్తి ప్రత్యయమూ అదనంగా చేరని నామపదం) మీది పరుషములకు, అంటే క, చ, ట, త, ప లకు, గ, స, డ, ద, వ లు బహుళముగా, అంటే ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా, వస్తాయని చెప్పి, పకారానికి ‘వారు వోరు’ అన్న ఉదాహరణ ఇచ్చాడు. ‘వారు పోరు’ అన్నా తప్పు లేదు, ‘వారు వోరు’ అన్నా తప్పు లేదు. ఇక్కడ మునుము కర్మ కదా, ప్రథమ ఎట్లా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. ‘ఇల్లు కట్టినాడు’, ‘నీళ్లు తాగినాడు’ అన్నట్టు ప్రాణం లేని వాటి విషయంలో ద్వితీయ (‘ను’, ‘ని’ చేరిన రూపం) ఉండవలసిన చోట ప్రథమే నిలవడం తెలుగులో మామూలే. కనుక ‘మునుము పట్టి’ అన్నది ‘మునుము వట్టి’ అయి, చివరి ‘ము’ సున్నగా మిగిలి ‘మునుం వట్టి’ అయింది. బడిలో మార్కుల కోసం వల్లె వేసి మరచిపోయిన ఈ గసడదవాదేశం మన నాయనమ్మలు అన్నం వెట్టేటప్పుడు ఏ సూత్రమూ చదవకుండానే నడిపించారు.

ఒక విచిత్రం గమనించండి. రెండవ పాదంలో ‘సాలు దీసె’ అని ఉన్నది. అక్కడ కూడా తకారం దకారమైంది, అదే సూత్రం, అదే పని. దాని మీద ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. ‘దీసె’ అనేది మరో అర్థమున్న మాట కాకపోవడం వల్ల చెవి దానిని దాటిపోయింది, ‘వట్టి’ మాత్రం వేరే అర్థంతో ముందే ఇంట్లో కూర్చుని ఉన్నది కనుక పట్టుబడింది. మరోవైపు ‘నడిసె’ లో చకారం సకారం కావడం మాత్రం సంధి కాదు, మాట మధ్యలో జరిగిన మన ప్రాంతపు ఉచ్చారణ. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘అంతా యాస’ అనేయడం సరికాదు. (వెనుక, వెన్నెల మాటల్లో ఉన్న వకారాన్ని తీసేసి ‘ఎనుక’, ‘ఎన్నెల’ అనే మనమే, లేని చోట తెచ్చి ‘వట్టి’ అనడం చూస్తే నాకు నవ్వు వస్తుంది.)

రెండవ అభ్యంతరం ‘మునుం’ మీదనే. ఈ మాట తనకు తెలియదని, తాను చూసిన నిఘంటువులో కనిపించలేదని, ‘వరుస పట్టి’ అంటే అందరికీ అర్థమవుతుందని హైదరాబాద్‌లో ఉంటున్న ఒక సోదరి సూచించారు. సూచన సదుద్దేశంతో చేసినదే, పైగా మాత్రల (అక్షరం పలకడానికి పట్టే కాలపు కొలత) లెక్కకు సరిపోతుంది కూడా. ‘మునుం వట్టి’ ఆరు మాత్రలు, ‘వరుస పట్టి’ ఆరు మాత్రలు. మూడేసి మాత్రల నడక ఎక్కడా తడబడదు. కనుక తాళం పేరు చెప్పి ఆ సూచనను తోసిపుచ్చలేము. అయితే పాటలో తాళం ఒక్కటే లేదు. ‘మునుం’ లోని ‘ను’ రెండవ పాదంలోని ‘ఎనుక’ లో ఉన్న ‘ను’ తో ప్రాస (పాదాల రెండవ అక్షరాల పోలిక) కుదుర్చుకున్నది, ‘మునుం’ లోని ‘ము’ అదే పాదంలోని ‘ముందు’ తో యతిలా, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడు అక్షరం కుదిరినట్టు, పలుకుతున్నది. ‘వరుస’ వచ్చి కూర్చుంటే ఈ రెండు ముడులూ ఒకేసారి ఊడిపోతాయి. రాసిన యువకుడు ఛందస్సు చదివి ఈ పని చేశాడో, చెవితో చేశాడో నాకు తెలియదు. ఎట్లా చేసినా కుదిరింది.

అంతకంటె పెద్ద చిక్కు అర్థంలో ఉన్నది. వరుస అంటే నిలబడిన వాళ్ల తీరు, రేషన్ దుకాణం ముందు కూడా వరుస ఉంటుంది. మునుం అట్లాంటిది కాదు. కలుపుకో, కోతకో కూలీలు చేను గట్టు మీద పక్కపక్కన దిగి, ఒక్కొక్కరు రెండు మూడు సాళ్లు తమ వంతుగా తీసుకుని, అందరూ వంగి ఒకే నడకతో అవతలి గట్టు దాకా కదలడం మునుం. అందులో వరుస ఉన్నది, వంతు ఉన్నది, ముందుకు పోయే కదలిక ఉన్నది. చేయి తిరిగినామె ముందుంటుంది, కొత్తగా కూలికి వచ్చిన పిల్లో, ఒంట్లో బాగాలేనామెనో వెనుకబడుతుంది. అప్పుడు పక్క సాళ్లలో ఉన్నామె, మేస్త్రి కంట పడకుండా, తన చేతిని కాస్త పక్కకు చాచి వెనుకబడినామె సాలు కూడా కొంత దూరం తీసి పెడుతుంది. మా అమ్మమ్మ వెంట మునుగోడు వైపు చేలకు పోయినప్పుడు ఇది నేను చూశాను. నోటితో ఒక్క మాట అనరు, కొంగు సర్దుకున్నట్టే సర్దుకుని ఆ రెండు గడ్డి పోచలూ పీకేస్తారు. ‘ఎనుకదాని సాలు దీసె’ అన్న పాదం చెబుతున్నది సరిగ్గా ఆ పనినే. మొదటి పాదంలో మునుం లేకపోతే రెండవ పాదంలోని సాలు ఎవరిదో, దానిని తీయడంలో గొప్పతనమేమిటో తెలియదు.

నిఘంటువు విషయానికి వస్తే, సేద్యపు మాటలను సాధారణ నిఘంటువుల్లో వెదకడం కంటె, ఆ మాటలు పలికేవారి దగ్గరికే పోయి సేకరించిన పుస్తకాలను తెరవడం మేలు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం పూర్తిగా వ్యవసాయ పదాలకే కేటాయించినది. తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా ఆయన విభజించడానికి ఆధారమైనవి కూడా నాగలి, కాడి, కలుపు వంటి ఈ మాటలే. సోదరి చెప్పిన దానిలో నిజం మాత్రం ఒకటున్నది. కలుపు మందు కొట్టడం పెరిగి, వరి కోతకు యంత్రాలు దిగి, నాట్లు గుత్తకు పోయిన తరువాత, మునుం పట్టే పనే తగ్గిపోయింది. పని పోయిన చోట మాట ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఆమె అడగని ప్రశ్న, కానీ ఆమె అభ్యంతరం వెనుక ఉన్నది అదే.

‘మాయమ్మ’ అంటే మాయ చేసే అమ్మ అని వినిపిస్తున్నదన్న వ్యాఖ్యకు ఎక్కువ సమాధానం అవసరం లేదు. మా, అమ్మ కలిసినప్పుడు మధ్యలో యకారం వచ్చింది, అంతే. పాట చివర ‘ఉయ్యాలో’ చేర్చమన్న సలహా కూడా అనవసరం, బతుకమ్మకు దాని పల్లవి దానికున్నది, కలుపు పాటకు దీనిది దీనికున్నది. ఒక చరణంలో ‘శెమట’, మరొక చరణంలో ‘సెమట’ అని రాసిన దానిని మాత్రం రచయిత ఏదో ఒక తీరుకు తెచ్చుకోవాలి. యాసలో రాయడమంటే ఇష్టం వచ్చినట్టు రాయడం కాదు.

ఇక నేను పూర్తిగా అంగీకరించే విమర్శ ఒకటున్నది. అది మన సభ్యులు చేసినది కాదు. మక్తల్ వైపు నుంచి ఒక సభ్యుడు ఈ పాటను తమ ఇంటి పక్కన ఉండే ఒక ముసలమ్మకు వినిపించి, ఆమె అన్న మాటలను యథాతథంగా రాసి పంపారు. మూడవ చరణం ‘ఎన్నెలల్ల కలుపు దీసి మాయమ్మ’ అని మొదలవుతుంది. అది విని ఆమె, “ఎన్నెలల్ల కలుపేడ దీస్తరు బిడ్డా, జొన్న మొక్కేదో గడ్డేదో ఏర్పడదు గద” అన్నదట. పండిన చేనును వెన్నెల వెలుగులో కోయవచ్చు గానీ, మొలక దశలో జొన్న ఆకునూ గడ్డి ఆకునూ పట్టపగలే కళ్లు చిట్లించి చూసి వేరు చేయాలి. వెన్నెల పాటకు అందమే, అయితే ఈ పాట పని తెలిసిన మనిషి పాట, అక్కడ ఆ అందం అబద్ధమైపోయింది. వ్యాకరణం మీద ఇంత రాసిన నాకు ఈ సంగతి తట్టకపోవడం సిగ్గుగానే ఉన్నది.

రచయిత నిన్న నాకు విడిగా రాశాడు. ‘ఎన్నెల’ తీసివేయడానికి తాను సిద్ధమేనని, అయితే తరువాతి పాదం ‘కన్నబిడ్డ కొరకు వొంగె మాయమ్మ’ అని ఉన్నందున ‘న్న’ ప్రాస పోకుండా ఏ మాట వేయాలో తోచడం లేదని అడిగాడు. ‘శేను గోసి’ అని మార్చి కోత పాట చేయవచ్చునని ఒకరు చెప్పారు గానీ, కలుపు పాటను ఒక్క చరణం కోసం కోత పాటగా మార్చడం నాకు నచ్చలేదు. మళ్లీ ఆ ముసలమ్మ చెప్పిన దానిలోనే దారి దొరికింది. పీకిన కలుపుకు వేరున అంటిన మట్టి దులపకుండా పడేస్తే, మరునాడు వాన పడితే అది పడ్డచోటనే తిరిగి నాటుకుంటుందని, అందుకే కలుపు తీసే చేయి ప్రతి మొక్కనూ ఒకసారి అరచేతికి కొట్టి మన్ను రాలుస్తుందని ఆమె చెప్పినట్టు మక్తల్ మిత్రుడు కింద రాశారు. దానిని ఆధారం చేసుకుని ఈ పాదం సూచించాను. నడక, ప్రాస సరిపోయినట్టే ఉన్నాయి, పాడి చూసి చెప్పగలరు:

మన్ను దులిపి కలుపు దీసి మాయమ్మ
కన్నబిడ్డ కొరకు వొంగె మాయమ్మ