పగిలిన సిలిండర్ హెడ్: బాగు చేయించాలా, కొత్తది వేయించాలా?

ప్రశ్న

నమస్కారం. నాది నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను. బ్లాకు పోత ఇనుముది, సిలిండర్లను పైన మూసే హెడ్ అల్యూమినియంది, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు హెడ్ పైనే ఉంటుంది. రెండు నెలలుగా కూలెంట్ తగ్గుతూ వస్తోంది గానీ కింద ఎక్కడా చుక్క కనిపించలేదు. ఉదయం స్టార్ట్ చేయగానే ఒక సిలిండరు తప్పడం, తెల్లటి పొగ రావడం, ఒకటి రెండు నిమిషాల్లో అదే సర్దుకోవడం జరిగేది. ఇంజను వేడెక్కకముందే రేడియేటర్ పై పైపు రాయిలా గట్టిపడుతుండటంతో హెడ్‌కు, బ్లాకుకు మధ్య ఉండే గాస్కెట్ పోయిందనుకొని హెడ్ దింపించాను. తీరా చూస్తే గాస్కెట్ బాగానే ఉంది. మూడో సిలిండరు దగ్గర మసి తుడిచాక, రెండు వాల్వు సీట్ల (వాల్వులు ఆనే రింగుల) మధ్య నుంచి ఇంజెక్టర్ రంధ్రం వైపు సుమారు 10 మిల్లీమీటర్ల పొడవున వెంట్రుకలాంటి గీత కనిపించింది. మిగతా మూడు పిస్టన్లూ నల్లగా మసిపట్టి ఉండగా, మూడోది మాత్రం కడిగిపెట్టినట్టు మెరుస్తోంది.

మెకానిక్ గారు కొత్త హెడ్ వేయమంటున్నారు. వెల్డింగ్ చేసే ఆయనేమో కొత్తదానికయ్యే ఖర్చులో మూడో వంతుతో పని అయిపోతుందని, ఇలాంటివి ఎన్నో చేశానని అంటున్నారు. ఇద్దరూ పని తెలిసినవారే. నేను దేన్ని చూసి నిర్ణయించుకోవాలి?

మొదటి సమాధానం

హెడ్లకు మెషీన్ పని చేయడమే నా వృత్తి కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. ముందుగా, గీత పొడవును చూసి నిర్ణయించకండి. వాల్వు సీట్ల మధ్య ఉండే సన్నని భాగం హెడ్‌లో అన్నిటికన్నా ఎక్కువ వేడిని తట్టుకోవలసిన చోటు. కొన్ని డీజిల్ ఇంజన్ల హెడ్లలో అక్కడ సన్నని పైపై గీతలు రావడం మామూలే, అవి ఇంత వెడల్పు లోపు ఉంటే హెడ్‌ను అలాగే వాడుకోవచ్చని తయారీదారుల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. అసలు చూడవలసింది ఆ గీత లోపలి నీటి దారిని చేరిందా లేదా అన్నదే. మీ పిస్టన్‌ను కడిగింది సిలిండరులోకి దిగి ఆవిరైన కూలెంటే కనుక, మీ విషయంలో అది చేరిందనే నేను అనుకుంటున్నాను.

అయినా మీకు కనిపించింది ఒక్క గీత మాత్రమే. హెడ్‌లో ఇంకెన్ని ఉన్నాయో తెలియకుండా వెల్డింగ్ ఖర్చు ఎంతని లెక్కవేయడం నీళ్లలో ఉన్న గేదెకు బేరమాడటమే అవుతుంది. అందుకే మొదట ప్రెషర్ టెస్టు చేయించండి. హెడ్ నీటి దారులన్నిటినీ రబ్బరు, బిళ్లలతో మూసి, 2 నుంచి 4 బార్ల గాలి ఎక్కించి, వేడి నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తారు. నీళ్లు వేడిగా ఉండాలని గట్టిగా అడగండి. చల్లటి హెడ్‌లో మూసుకుని ఉండే పగుళ్లు 70, 80 డిగ్రీల దగ్గర గానీ తెరుచుకోవు. ఇనుప హెడ్‌కైతే అయస్కాంతం, ఇనుప పొడి పెట్టి పగులును పట్టవచ్చు. అల్యూమినియానికి అది పనికిరాదు కనుక రంగు ద్రావణం పూసి తుడిచి చూడాలి.

రెండోది, చాలామంది వదిలేసేది, గట్టిదనం పరీక్ష. బాగా ఓవర్‌హీట్ అయిన అల్యూమినియం మెత్తబడుతుంది. మెత్తబడిన హెడ్‌కు ఎంత చక్కగా వెల్డింగ్ చేసినా బోల్టుల బిగువు నిలవదు, వాల్వు సీట్లు వదులై ఊడిపడే ప్రమాదం ఉంటుంది. సిలిండర్ల మధ్యన, రెండు చివరలా కొలిపించి, తయారీదారు చెప్పిన కనీస అంకెతో పోల్చండి. తక్కువ వస్తే ఇక ఆలోచన అక్కర్లేదు, హెడ్ మార్చడమే.

మూడోది వంపు. వేడికి అల్యూమినియం పోత ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కింద ఇనుప బ్లాకు, చుట్టూ బోల్టులు పట్టి ఉంచడంతో అది మధ్యలో పైకి లేస్తుంది. ఉక్కు బద్ద, సందును కొలిచే ఫీలర్ గేజితో చూస్తే చాలా హెడ్లకు 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. అడుగు భాగం ఒక్కటే ఫేసింగ్ చేస్తే, అంటే మెషీన్‌పై చెక్కిస్తే, కింద చదునవుతుంది, పైన క్యామ్ షాఫ్టు కూర్చునే గూళ్లు వంకరగానే మిగిలిపోతాయి. పైగా కొన్ని డీజిల్ హెడ్లకు ఫేసింగ్ అసలు చేయకూడదని మాన్యువల్ చెబుతుంది. అలాంటిదైతే వెల్డింగ్ మాటే ఎత్తకండి, ఎందుకంటే వెల్డింగ్ తర్వాత ఫేసింగ్ తప్పదు.

ఈ మూడింటిలోనూ హెడ్ నెగ్గితే అప్పుడు వెల్డింగ్ చేసే ఆయనను ఒక్క ప్రశ్న అడగండి: సీట్లు తీసి చేస్తారా, ఉంచి చేస్తారా? సీట్లు తీసి, పగులును చివరి దాకా తొలిచి, నూనె ఆనవాలు లేకుండా శుభ్రం చేసి, హెడ్ మొత్తాన్ని సుమారు 200 డిగ్రీలకు వేడి చేసి, టిగ్ (టంగ్‌స్టన్ కడ్డీ, జడ వాయువుతో చేసే) వెల్డింగ్ తర్వాత నెమ్మదిగా చల్లార్చి, కొత్త సీట్లు కూర్చోబెట్టి, ఇంజెక్టర్ రంధ్రాన్ని మళ్లీ కొలతకు తెచ్చి, చివర మరోసారి ప్రెషర్ టెస్టు చేసి ఇస్తానంటే నమ్మవచ్చు. సీట్లు ఉంచే పైన పూసేస్తానంటే హెడ్ తెచ్చేసుకోండి.

రెండో సమాధానం

పై వారు చెప్పింది నిజమే గానీ, వెల్డింగ్ చేయించుకుని నష్టపోయిన వాడిగా నేను ఒక మాట చేర్చాలి. నా ఇంజనుకు వెల్డింగ్ బాగానే చేశారు, టెస్టు కూడా చేసి ఇచ్చారు. ఐదు నెలలకు అతుకు పక్కనే మళ్లీ పగిలింది. తప్పు అతుకుది కాదు. మొదటిసారి హెడ్ ఎందుకు పగిలిందో నేను చూసుకోలేదు. రేడియేటర్ సగం పూడిపోయి ఉంది, వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోవడం లేదు. మీటరు ముల్లు ఎన్నడూ ఎరుపులోకి వెళ్లలేదని నేను ధీమాగా ఉన్నాను. కూలెంట్ తగ్గి సెన్సరు గాలిలో తేలిపోతే ముల్లు నిజం చెప్పదని తర్వాత తెలిసింది.

ఆ మూడో వంతు లెక్కను కూడా మరోసారి చూసుకోండి. గాస్కెట్ సెట్టు, కొత్త బోల్టులు, ఆయిలు, కూలెంట్, దింపి ఎక్కించే కూలి రెండు దారుల్లోనూ అయ్యేవే. అతుకు నిలవకపోతే అవన్నీ రెండోసారి కట్టాలి. నాకు చివరికి కొత్త హెడ్ కన్నా ఎక్కువే అయింది.

మూడో సమాధానం

పాత హెడ్ దొరికితే వేయించుకుందామనే ఆలోచన కూడా మీకు రావచ్చు. డబ్బు ఇవ్వకముందే దానికీ ఇవే పరీక్షలు చేయించండి, లేకపోతే ఇంకొకరి ఓవర్‌హీట్‌ను మీరు కొనుక్కున్నట్టే. క్యామ్ షాఫ్టు మూతలను దాని హెడ్‌తో కలిపే బోరు చేస్తారు (రంధ్రం తొలుస్తారు) కనుక, మూతలు లేని హెడ్ తీసుకుని మీ పాతవి దానికి బిగించకండి. రేడియేటర్‌లో పోసే లీకు మందు జోలికి మాత్రం పోవద్దు. అది పగులును నిలబెట్టకపోగా హీటరు సన్న గొట్టాలను పూడ్చేస్తుంది.

ఇనుప హెడ్ ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, వారికి లెక్క వేరు. పోత ఇనుమును చల్లగా వెల్డ్ చేస్తే అతుకు పక్క గాజులా పెళుసవుతుంది. మరలున్న పిన్నులను ఒకదాన్నొకటి కరిచేలా వరుసగా దించి కుట్టే పద్ధతి, చేయి తిరిగినవారు చేస్తే, ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పరీక్షలు చేయించాను. చల్లటి నీళ్లలో ఒక్క బుడగ కూడా రాలేదు. నీళ్లు వేడెక్కాక మూడో సిలిండరు సీట్ల మధ్య నుంచి దండ గుచ్చినట్టు బుడగలు మొదలయ్యాయి, కాసేపటికి రెండో సిలిండరు ఎగ్జాస్ట్ దారిలోనూ కనిపించాయి. ఆ రెండో పగులు ఎవరి కంటా పడలేదు. గట్టిదనం కూడా రెండో, మూడో సిలిండర్ల మధ్య కనీస అంకె కన్నా తక్కువ వచ్చింది. వెల్డింగ్ చేసే ఆయనే కాగితం చూసి, వద్దులెండి అన్నారు. థర్మోస్టాట్‌ను గిన్నెలో వేసి కాచాను; మీద 82 డిగ్రీలని ఉంది గానీ నీళ్లు మరుగుతున్నా సగం కూడా తెరుచుకోలేదు. క్యామ్ మూతలతో సహా కొత్త హెడ్ తెప్పిస్తున్నాను, థర్మోస్టాట్ మారుస్తున్నాను, రేడియేటర్ విప్పించాను.

మొదటి సమాధానం రాసినవారు

హెడ్ ఎక్కించే ముందు బ్లాకు పైభాగాన్ని కూడా అదే బద్దతో చూడమనండి. బోల్టు రంధ్రాల్లో దిగిన కూలెంట్‌ను గుడ్డతో, గాలితో పూర్తిగా తీసేయాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నీళ్లు నిలిచి ఉండగా బోల్టు బిగిస్తే, ఆ ఒత్తిడికి బ్లాకే పగిలే అవకాశం ఉంది.