అత్తయ్య మంగు తగ్గించిన క్రీమే ఇప్పుడు ముఖం మండిస్తోంది, ఏం చేయాలి?

బ్రాడీపేట కోడలు:

మాది గుంటూరు. ఇంటి కిందే మా కర్రీ పాయింట్. అత్తయ్య తెల్లవారుజామున పొయ్యి ముందు నిలబడితే పదకొండు దాకా అక్కడే. ఆవిడకి ఎన్నో ఏళ్లుగా రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా మంగు ఉంది. జాజికాయ పాలతో అరగదీసి పట్టించారు, నిమ్మరసం రాశారు, ఏదీ పని చేయలేదు. పోయిన సంక్రాంతికి ముందు ఎవరో కస్టమర్ చెప్పారని మెడికల్ షాపులో ఒక ట్యూబు తెచ్చుకున్నారు. నెల తిరిగేసరికి ముఖం తేటపడింది. వీధిలో ఇద్దరు ముగ్గురి చేత తనే కొనిపించారు కూడా.

అప్పటినుంచి రోజూ రాస్తూనే ఉన్నారు. ఇప్పుడేమో పొయ్యి దగ్గరికెళ్తే బుగ్గలు కందిపోతున్నాయి. దగ్గరగా చూస్తే దారాల్లా సన్నటి ఎర్ర నరాలు, గడ్డం మీద చీము పొక్కులు, పై పెదవి మీద నూగు. రెండ్రోజులు మానేస్తే మంట, దురద. మళ్లీ రాస్తే చల్లబడుతుంది. "క్రీమ్ మంచిదే, మిరపకాయల ఘాటే నాకు పడట్లేదు" అంటారు ఆవిడ. షుగర్ లేదు. తలకి నెలనెలా రంగు వేసుకుంటారు. ఇంతకన్నా మంచి క్రీమ్ ఏదైనా ఉంటే చెప్పండి.

పటమట వాసి:

ఒంట్లో వేడి ఎక్కువై ఉంటుంది. రోజూ సబ్జా నీళ్లు తాగించండి, ముల్తానీ మట్టి ప్యాక్ వేయండి.

వన్‌టౌన్ ఫార్మసిస్ట్:

సబ్జా నీళ్లు తాగితే నష్టమేం లేదు గానీ, ఆ ముఖం మీద ముల్తానీ మట్టి వేస్తే ఇంకా మండుతుంది. వద్దు.

అమ్మా, ఇంకో క్రీమ్ సంగతి తర్వాత. ముందు ఆ ట్యూబు తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ అని మూడు పేర్లు ఉంటాయని నా అంచనా. మొదటిది మచ్చ రంగు తగ్గిస్తుంది, రెండోది చర్మం పై పొరను త్వరగా రాల్చి కొత్తది తెస్తుంది, మూడోది స్టెరాయిడ్. మీరు చెప్పిన ఎర్ర నరాలు, పొక్కులు, నూగు, మానేస్తే మంట అన్నీ ఆ మూడోదాని పనిలాగే ఉన్నాయి. ఇది డాక్టరు చూసి కొన్ని వారాలు వాడించి ఆపించాల్సిన మందు, స్నో పౌడర్‌లా ఏడాది పొడుగునా రాసేది కాదు. రాయగానే చల్లబడుతుంది కాబట్టి మంచి క్రీమే అనుకుంటారు. పాపం మిరపకాయల మీద పడింది నింద.

స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం వాటిని షెడ్యూల్ హెచ్‌లో స్పష్టంగా చేర్చింది. అయినా కౌంటర్ మీద అడిగినవాళ్లకల్లా ఇచ్చేస్తున్నారు. నేను ఇవ్వనంటే "పక్క షాపులో ఇస్తారులే" అని మొహం మీదే అనేసి వెళ్తారు. ఎండాకాలం బెజవాడలో ఈ గిరాకీ మరీ ఎక్కువ.

అలాగని మీ అంతట మీరు ఆపేసి ఊరుకోకండి, ముఖం భగ్గుమంటుంది. ఈ వారంలోనే ట్యూబు చేతిలో పెట్టుకుని చర్మం డాక్టరు దగ్గరకి తీసుకెళ్లండి. గుంటూరు జీజీహెచ్‌లోనే, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలోనే, చర్మ విభాగం ఓపీ ఉంది. ఒకేసారి మానాలా, తక్కువ పవరు దానికి మార్చి మెల్లగా తగ్గించాలా అన్నది వాళ్లు ముఖం చూసి చెప్తారు. అప్పటిదాకా మంట పెట్టని ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, అంతే. నిమ్మకాయ, బ్లీచ్, ఫేషియల్ ఏవీ వద్దు.

ఇంకొకటి, తలరంగు అన్నారు కదా. మచ్చలు నుదుటి అంచున, కణతల మీద, చెవుల ముందు కూడా ఉంటే అది మంగు కాక రంగు పడక వచ్చిన నలుపు కావచ్చు. కుంకుమతో కూడా కొందరికి అలా వస్తుంది. అది కూడా డాక్టరుకి చెప్పండి.

కృష్ణలంక అమ్మాయి:

అక్కా, మా పిన్నికి ఇదే జరిగింది. ఆపిన మొదటి రోజుల్లో ముఖం వాచి, పెళ్లిళ్లకి కూడా వెళ్లలేదు. తగ్గడానికి నెలలు పట్టింది కానీ తగ్గింది. అత్తయ్యగారికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మంట మొదలవగానే మళ్లీ ట్యూబే వెతుక్కుంటారు. డాక్టరు ఆపమన్నాక అది కనపడకుండా తీసేయండి.

సన్‌స్క్రీన్ గురించి: మామూలువి అల్ట్రావయొలెట్‌ని ఆపుతాయి. కంటికి కనిపించే వెలుగు కూడా మంగుని పెంచుతుందట, అందుకని పిన్నికి ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ రాశారు. రెండు వేళ్ల పొడవునా పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. చెమట పడితే తుడుచుకుని మళ్లీ రాయాలి. పొయ్యి దగ్గర అది కాస్త నరకమే. పొయ్యి సెగ కూడా మంగుకి మంచిది కాదని ఆ డాక్టరే చెప్పారు.

బ్రాడీపేట కోడలు:

ట్యూబు చూశాను. మీరు చెప్పిన మూడు పేర్లే, పక్కన నిలువుగా ఎర్ర గీత కూడా ఉంది. డాక్టరు చీటీ మీదే అమ్మాలనే గుర్తట అది, ఇన్నాళ్లూ డిజైన్ అనుకున్నాం. మచ్చలు కణతల మీద లేవు, బుగ్గల మీదే. రేపు షాపు మావయ్యకి అప్పగించి పొద్దున్నే ఓపీకి తీసుకెళ్తున్నా. వేపుళ్లు, తాలింపులు కొన్నాళ్లు నేను చూసుకుంటానన్నాను, "నువ్వు వేస్తే ఉప్పు ఎక్కువవుతుంది" అన్నారు. ఒప్పుకున్నట్టే.

ఒక టెన్షన్. అత్తయ్య మాట విని ఇదే రాస్తున్న ఎదురింటి అమ్మాయికి ఇప్పుడు మూడో నెల. పరవాలేదా?

వన్‌టౌన్ ఫార్మసిస్ట్:

ఆ అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేసి ఆపేయమని చెప్పండి. ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ రెండూ గర్భంతో ఉన్నప్పుడు వద్దనే అంటారు. పైపూతగా రాస్తే రక్తంలోకి వెళ్లేది తక్కువే, కాబట్టి భయపెట్టకండి. కానీ ఆవిడ చూపించుకునే గైనకాలజిస్టుకి ట్యూబు చూపించి, ఎప్పటినుంచి రాస్తోందో దాచకుండా చెప్పమనండి. ఆపాక మంట పుడితే ఆ సంగతీ అక్కడే అడగాలి, షాపుకొచ్చి కాదు. కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన మంగైతే కాన్పయ్యాక కొన్ని నెలల్లో చాలామందికి దానంతటదే పలచబడుతుంది. అప్పటిదాకా గొడుగు, సన్‌స్క్రీన్ చాలు.