కర్ణాటకం అలవాటైన గొంతుతో హిందుస్థానీ: గాంధారం నిలవడం లేదు

స్వరాల_బాట: నమస్కారమండీ. చిన్నప్పుడు ఆరేళ్లు కర్ణాటకం నేర్చుకుని వర్ణాల దాకా వచ్చాను. నాలుగు నెలలుగా హిందుస్థానీ క్లాసుకు వెళ్తున్నాను. యమన్ రాగంలో గాంధారం (గ) మీద నిలబడమంటే గొంతు దానంతటదే ఊగుతోంది. "ఇది కల్యాణి అమ్మా, యమన్ కాదు" అని, అంటే అవే స్వరాలున్న కర్ణాటక రాగంలా వినిపిస్తోందని, గురువుగారు ఆపేస్తున్నారు. క్లాసంటేనే టెన్షన్ వస్తోంది. ఈ దశ దాటినవాళ్లు ఉన్నారా?

పుణె_తెలుగు: ఉన్నామండీ, నాకు ఏడాది పట్టింది. నన్ను గట్టెక్కించింది ఖరజ్, అంటే కింది స్థాయి స్వరాల సాధన. తెల్లవారుజామున శ్రుతికి తాన్‌పురా పెట్టుకుని, మధ్య షడ్జం (స) నుంచి ని, ద, ప అంటూ మంద్రంలోకి దిగాలి. ఒక్కో స్వరాన్నీ ఊపిరి ఉన్నంతసేపు "ఆ" అంటూ పట్టుకోవాలి. మొదట్లో కింది పంచమం దగ్గర గాలి తప్ప ఏమీ రాదు. అక్కడ నొక్కకండి. నేను నొక్కితే పది రోజులు గొంతు బొంగురుపోయింది. ఎంతవరకు హాయిగా వస్తే అంతవరకే. రెండు నెలలయ్యాక ఒకరోజు గాంధారం కదలకుండా నిలిచింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

మీండ్_సాధన: ఖరజ్‌తో పాటు నడక కూడా మార్చుకోవాలి. స్వరాలు కల్యాణివే, కానీ యమన్‌లో ఎక్కువగా "ని రె గ" అని మొదలై, పైకి వెళ్లేటప్పుడు సా, పా తప్పించి తీవ్ర మధ్యమం, ద, ని మీదుగా ఎక్కుతారు. ఈ ముక్కనే పల్టాలా, అంటే స్వరాల వరుస మార్చి మార్చి, తిప్పి పాడండి. గ నుంచి రె కి దిగేటప్పుడు ఊపకుండా, తెగకుండా జారాలి. అదే మీండ్.

హిందోళం_ప్రియ: తాన్‌పురా కూడా చూసుకోండి. యమన్‌కు పంచమం తీగ సరిపోతుంది. మాల్‌కౌన్స్ రాగంలో, అంటే మన హిందోళంలో, పంచమమే లేదు కాబట్టి ఆ తీగను మధ్యమానికి శ్రుతి చేయాలి. ఇది తెలియక మూడు వారాలు తాన్‌పురా యాప్‌లో పంచమంతోనే పాడాను.

తబలా_శ్రోత: విలంబిత్ ఏక్‌తాల్‌కు, అంటే చాలా నెమ్మదిగా నడిచే ఏక్‌తాల్ తాళానికి, వచ్చాక ఇంకో చిక్కు. 12 మాత్రలే, కానీ ఒక్క ఆవర్తనం దాదాపు నిమిషం సాగుతుంది. ఆది తాళంలా చేత్తో వేస్తే లెక్క పోతుంది. ఠేకా, అంటే తబలా మీద మోగే తాళం బోల్స్, వినండి. "తిరకిట" రెండుసార్లు వస్తుంది, రెండోది విన్నాక ఇంకో రెండు మాత్రలకే సమ్, అంటే ఆవర్తనం మొదటి మాత్ర.

పుణె_తెలుగు: వినడానికైతే ముందు కిరానా ఘరానా, అంటే ఆ గురుపరంపర గాయకులు. స్వరం మీద అంతసేపు నిలిచి దాన్ని విప్పడం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. ఆ ఘరానా గాయకుడు అబ్దుల్ కరీం ఖాన్ గారికి కర్ణాటకమంటే ఎంత ఇష్టమంటే త్యాగరాజ కృతి కూడా రికార్డు చేశారు. ఆయన శిష్యుడు సవాయి గంధర్వ దగ్గర నేర్చుకున్నవాళ్లే గంగూబాయి హంగళ్, భీమ్‌సేన్ జోషి.

స్వరాల_బాట: అందరికీ ధన్యవాదాలు. రేపు ఐదింటికి లేస్తాను. మాది ఫ్లాట్, పక్కవాళ్లు నిద్రలో ఉంటారు. మెల్లగా పాడితే ఫలితం ఉంటుందా?

పుణె_తెలుగు: ఉంటుందమ్మా. ఖరజ్‌కు గట్టిగా పాడక్కర్లేదు, శ్రుతి మాత్రం జారకూడదు. తలుపు వేసుకుని తాన్‌పురా తగ్గించి పెట్టుకో, అది నీ చెవికి వినిపిస్తే చాలు.