అప్‌డేట్: తొమ్మిదో తరగతి పిల్లలు ఇంగ్లీషులో నోరు విప్పారు

ప్రాజెక్టు ఇస్తే మా విశాఖ బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు తెలుగులోనే మాట్లాడుకొని, చార్టు మాత్రం ఇంగ్లీషులో రాసి తెస్తున్నారని, వారిని ఇంగ్లీషులో మాట్లాడించడం ఎలా అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఫలించినది, వినేవారికి తెలుగు రాకూడదన్న సూచన. 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామిని చూసి వచ్చాక, పిల్లలు బల్లలు జరిపి తరగతిలోనే ఇరుకు దారి కట్టి, తెలుగు తెలియని ఒడియా తల్లిదండ్రులను అందులో నడిపిస్తూ, నలుగురేసి జట్టుగా ఒక్కో గదిని వివరించారు. మొదట "స్లీప్ హియర్" అన్న అమ్మాయి మూడోసారికి "ద సెయిలర్స్ స్లెప్ట్ హియర్" అంది, నేను దిద్దలేదు.

సన్నాహంలో తెలుగును నిషేధించమన్న సలహా పాటించిన వారం తరగతి మూగబోయింది, కనుక దాన్ని వదిలేశాను. పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడకపోవడానికి వ్యాకరణం రాకపోవడమే కారణమన్న నా అనుమానానికి ఆధారం లేదని తేలింది. సగం మార్కులు సందర్శకుల ప్రశ్నలకు అప్పటికప్పుడు చెప్పే జవాబులకు కేటాయించాక బట్టీ కూడా తగ్గింది.