ఇష్టంగా తిన్న గుడ్డు మీదే పిల్లవాడికి ఏవగింపు ఎందుకు?

ప్రశ్న:
మా అబ్బాయికి నాలుగేళ్లు. ఏడాది వయసు నుంచి ఉడికించిన గుడ్డును ఇష్టంగా తినేవాడు. రెండు నెలలుగా దాన్ని చూస్తేనే మొహం తిప్పుకుంటున్నాడు. పక్కనున్న పదార్థానికి గుడ్డు తగిలిందంటే ఆ పళ్లెమే వద్దంటున్నాడు. బలవంతం చేస్తే ఓకరిస్తున్నాడు. ఇది మొండితనమా, నిజమైన అసహ్యమా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
మొండితనమని దయచేసి అనుకోవద్దు. చేదు తగిలితే పురిటి బిడ్డ కూడా మొహం చిట్లిస్తుంది. అది పుట్టుకతో వచ్చిన అయిష్టం, కేవలం రుచికి సంబంధించినది. అసహ్యంలో రుచి కన్నా ఆ వస్తువు ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది, దేనికి తగిలింది అన్న ఊహ ముఖ్యం కాబట్టి, అది బుద్ధి ఎదిగేకొద్దీ ఏర్పడుతుంది. మనస్తత్వవేత్త పాల్ రోజిన్ బృందం 16 నెలల నుంచి 5 ఏళ్ల వయసు పిల్లలను పరిశీలించి 1986లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, పెద్దలు అసహ్యించుకునే వాటిని కూడా బాగా చిన్న పిల్లలు నోట్లో పెట్టుకోవడానికి వెనుకాడలేదు. వయసు పెరిగినకొద్దీ నిరాకరణ పెరిగింది. ఒకటి తగిలినంత మాత్రాన రెండోది చెడిపోతుందన్న భావన ఇంకా నెమ్మదిగా స్థిరపడుతుంది. పిల్లలు ఈ పాఠాన్ని చాలావరకు మన ముఖాల నుంచే నేర్చుకుంటారు గనుక, ఇంట్లో ఎవరైనా గుడ్డు వాసనకు ముక్కు మూసుకున్నారేమో గుర్తుచేసుకోండి.

రెండవ జవాబు:
గుడ్డు తిన్న రోజున బాబుకు వాంతులేమైనా అయ్యాయా? 1955లో మనస్తత్వవేత్త జాన్ గార్సియా ఎలుకలకు తీపి నీళ్లతో పాటు జబ్బు కలిగించే రేడియేషన్ ఇచ్చినప్పుడు, అవి ఆ తర్వాత తీపి నీళ్లనే తప్పించుకు తిరిగాయి. అనారోగ్యానికి కారణం ఆ ఆహారం కాకపోయినా, ఒక్కసారి జబ్బుపడితే చాలు, శరీరం దాన్నే దోషిగా గుర్తుపెట్టుకుంటుంది. ఇది మనుషుల్లోనూ జరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మీరు అడిగాక గుర్తొచ్చింది. జ్వరం వచ్చిన రోజు ఉదయం గుడ్డే పెట్టాము, సాయంత్రం వాంతులయ్యాయి. తగ్గాక బలం కోసమని మళ్లీ అదే బలవంతంగా తినిపించాము. ఆ సంగతి తలచుకుంటే ఇప్పుడు బాధగా ఉంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
మీరు మంచికే చేశారు. ఇకపై బలవంతం మాత్రం పూర్తిగా మానండి. తింటే బహుమతి ఇస్తామనడం కూడా ఆ పదార్థం మీద ఇష్టాన్ని తగ్గించవచ్చు. కొన్ని వారాలు అతని పళ్లెంలో గుడ్డు పెట్టకుండా, మీరు మాత్రం అతని ఎదుట మామూలుగా తింటూ ఉండండి. తనంతట తాను అడిగితే చిటికెడు ఇవ్వండి. మిగతా ఆహారాలను కూడా వరుసగా వదిలేస్తున్నా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యునికి చూపించండి.