చార్టులో చుక్కలన్నీ గీతల లోపలే ఉన్నా రిజెక్షన్ ఎందుకు ఆగడం లేదు?

షాఫ్ట్‌లతో తంటా:
సీఎన్‌సీ లేత్ మీద షాఫ్ట్‌లు తీస్తాం. డయా 25 మి.మీ., అటూ ఇటూ 0.02 టాలరెన్స్. షిఫ్టుకు ముగ్గురు కూర్చుని ప్రతి పీసూ కొలుస్తారు. అయినా కస్టమర్ దగ్గర నుంచి సైజు తక్కువని వెనక్కి వస్తూనే ఉన్నాయి. ఇన్‌స్పెక్షన్ ఖర్చు తగ్గించమని పైనుంచి ఒకటే పోరు. ఎస్‌పీసీ (కొలతల లెక్కలతో తయారీని అదుపులో పెట్టే పద్ధతి) అంటే విని చార్టు మొదలుపెట్టాం. 25.02, 24.98 దగ్గర ఎర్ర గీతలు గీసి, ఐదేసి పీసుల సగటు చుక్కగా పెడుతున్నాం. రెండు నెలల్లో ఒక్క చుక్కా గీత దాటలేదు. తప్పు ఎక్కడుంది?

పాత టర్నర్:
ఆ ఎర్ర గీతల్లోనే ఉంది. అవి కస్టమర్‌కు ఏం కావాలో చెప్పే గీతలు. కంట్రోల్ లిమిట్లు మీ మెషీన్ సహజంగా ఎంత ఊగుతుందో చెప్పాలి, డ్రాయింగ్‌తో వాటికి సంబంధం లేదు. ఈ పద్ధతికి ఆద్యుడు షూహార్ట్ 1924లో గీసిన మొదటి చార్టు నుంచీ లెక్క ఇదే. పైగా ఒక పీసు 25.03 వచ్చినా, మిగతా నాలుగు బాగుంటే సగటులో అది కనబడదు.

గంటకోసారి వరుసగా ఐదు పీసులు, అలా ఓ 25 సార్లు కొలవండి. సగటుల సగటు, రేంజిల (ఐదింటిలో పెద్ద సైజుకీ చిన్న సైజుకీ ఉన్న తేడాల) సగటు ఎంతొచ్చాయో ఇక్కడ పెట్టండి.

షాఫ్ట్‌లతో తంటా:
25.004, 0.012.

పాత టర్నర్:
రేంజిల సగటును హెచ్చించాల్సిన గుణకం ఐదు పీసులకు 0.577. అంటే లిమిట్లు 25.004కి అటూ ఇటూ 0.007. మీరు పెట్టుకున్న 0.02తో పోలిస్తే మూడో వంతు! సీపీ (మెషీన్ ఊగడంతో పోలిస్తే టాలరెన్స్ ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.29, సీపీకే (సెంటర్ తప్పడాన్నీ లెక్కలోకి తీసుకునేది) మాత్రం 1.03. మెషీన్ మంచిదే, సెంటర్ తప్పింది. ఆఫ్‌సెట్ (మెషీన్‌లో సైజు దిద్దే అంకె) 0.004 కిందికి దించండి. సీపీకే 1.33 దాటి నిలకడగా ఉండేదాకా మాత్రం ఆ ముగ్గురినీ కదపొద్దు.

గేజ్ రూమ్:
ఆగండి, దించకండి. లెక్క ప్రకారం సైజు పైకి ఉంది, వెనక్కి వచ్చేవేమో సైజు తక్కువవి. కొలిచేది వేడి మీదా, చల్లారాకా? 25 మి.మీ. ఉక్కు 20 డిగ్రీలు చల్లారితే దాదాపు 0.006 తగ్గుతుంది.

ఇంకోటి, ఆపరేటర్ పీసు పీసుకీ ఆఫ్‌సెట్ దిద్దుతున్నాడా? మా దగ్గర ఒకాయన అలాగే చేసేవాడు, చాలా శ్రద్ధగల మనిషి పాపం. వచ్చిన తేడా అంతా ప్రతిసారీ దిద్దితే ఊగిసలాట 1.4 రెట్లు అవుతుంది. చుక్క లిమిట్ దాటితేనో, ఏడు చుక్కలు వరసగా పైకెక్కితేనో ముట్టుకోవాలి. వరసగా ఎక్కడమంటే చాలాసార్లు ఇన్సర్ట్ (టూల్‌కు బిగించే కోత ముక్క) అరుగుతోందని అర్థం.

షాఫ్ట్‌లతో తంటా:
చేతికి కాలుతుండగానే కొలుస్తున్నారండీ. అవే పీసులు అరగంట ఆగి కొలిపిస్తే సగటు 24.994. నేను అప్పటికే ఆఫ్‌సెట్ 0.004 దించేసి ఉన్నాను! తిప్పి పెట్టి, దానిపైన ఇంకో 0.006 పెంచాను. ఆఫ్‌సెట్ ముట్టుకోవద్దంటే ఆపరేటర్‌కు కోపమొచ్చింది. రేపటి నుంచి చల్లార్చిన పీసులతో మళ్లీ 25 సార్లు.