నల్లమల దారిలో సైకిల్‌కు అడ్డం వచ్చే దుప్పులు: ఆగాలా, తప్పుకోవాలా?

ప్రశ్న – మల్కాజ్‌గిరి సైక్లిస్టు

అందరికీ నమస్కారం. నేను నాలుగేళ్లుగా రోడ్డు సైకిల్ తొక్కుతున్నాను. ఇంతకాలం నా తిరుగుడంతా హైదరాబాద్ చుట్టుపక్కలే సాగింది. దూరం వెళ్లానంటే వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల దాకానే. మొన్న కార్తీక మాసంలో మొదటిసారి శ్రీశైలం వెళ్లాలనుకుని, ముందురోజు సాయంత్రానికి మన్ననూరు చేరుకుని, రాత్రికి అక్కడే ఆగి, ఉదయం 6 గంటలకు చెక్‌పోస్టు గేటు తీయగానే బయలుదేరాను. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు నల్లమలలోని అమ్రాబాద్ అడవిలోకి వాహనాలను వదలరన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. అయితే నవంబరులో 6 గంటలకు ఇంకా సూర్యోదయం కాదు. గేటు దగ్గర ఆగి ఉన్న కార్లూ బస్సులూ నన్ను దాటి వెళ్లిపోయాక ఆ మసక వెలుతురులో దారి మీద నేనొక్కడినే మిగిలాను.

ఫరహాబాద్ దాటిన తరువాత ఒక దిగుడులో, గంటకు 40 కిలోమీటర్ల వేగం మీద ఉండగా, ఎడమవైపు పొదల్లోంచి ఒక ఆడ దుప్పి ఒక్క గంతులో రోడ్డు మీదికి వచ్చింది. రెండు బ్రేకులూ గట్టిగా పట్టాను, వెనుక చక్రం జారింది, ఎలాగో పడకుండా దానికి రెండు బారల దూరంలో ఆగగలిగాను. అది నావైపు ఒక్క క్షణం చూసి అవతలి పొదల్లోకి వెళ్లిపోయింది. గండం గడిచిందనుకుని పెడల్ మీద కాలు పెట్టబోతుండగా అదే పొదలోంచి మరొకటి, దాని వెనుక ఒక పిల్ల దూకాయి. నేను రెండు సెకన్లు ముందుగా కదిలి ఉంటే ఆ రెండోది నేరుగా నా మీదనే పడేది.

ఇలాంటప్పుడు బ్రేకు వేయడం మంచిదా, పక్కకు తప్పుకోవడం మంచిదా? గంట కొడితే ఉపయోగం ఉంటుందా? వచ్చే నెల మా తమ్ముడు కూడా నాతో వస్తానంటున్నాడు. వాడికి అడవి దారి కొత్త కాబట్టి ఎలుగుబంట్ల గురించి కూడా తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు – సుదూర సవారీ

మీరు నేరుగా ఆగారు చూడండి, అదే మిమ్మల్ని కాపాడింది. పక్కకు తిప్పి ఉంటే ఏమయ్యేదో నాకు అనుభవం మీద తెలుసు: నేను ఒకసారి అడవిపందిని తప్పించబోయి ముందు చక్రం జారి పడి, భుజం బాగు కావడానికి మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాను. జంతువు ఎటు వెళ్తుందో దానికే తెలియని క్షణం అది. మీరు కుడికి తిప్పితే అదీ కుడికే దూకవచ్చు, పైగా అటునుంచి బస్సు రావచ్చు. హ్యాండిల్ తిన్నగా ఉంచి, ఒళ్లు కాస్త వెనక్కి జరిపి, రెండు బ్రేకులనూ కలిపి నొక్కాలి. ఢీకొనడం ఇక తప్పదనిపించినా, తగ్గిన వేగంతో నేరుగా తగలడమే పూర్తి వేగంతో పక్కకు పడిపోవడం కంటే మంచిది.

అసలు సమస్య మన వాహనం చప్పుడు చేయకపోవడంలో ఉంది. కారు ఇంజను, టైర్ల హోరు దుప్పికి చాలా దూరం నుంచే వినిపిస్తాయి కాబట్టి అది ముందే ఆగిపోతుంది, లేదా పారిపోతుంది. సైకిల్ మాత్రం దాని పక్కకు వచ్చేదాకా వినిపించదు. గాలి అటునుంచి మనవైపు వీస్తుంటే మన వాసన కూడా దానికి అందదు. అందుకే కారులో వెళ్లేవారికి ఎన్నడూ ఎదురుకానంత దగ్గరగా మనకు జంతువులు ఎదురవుతాయి.

వేగం లెక్క కూడా ఒకసారి చూడండి. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. కన్ను చూసి చేయి బ్రేకు పట్టేలోపు సుమారు ఒక సెకను పోతుంది. ఆ తరువాత పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులతో, ఆగడానికి మరో 12, 13 మీటర్లు పడుతుంది. అంటే మొత్తం 24 మీటర్లు. అదే 25 కిలోమీటర్ల వేగమైతే 12 మీటర్లలో ఆగిపోతాము. రిమ్ము మీద పట్టే బ్రేకులు తడిస్తే ఈ దూరం ఇంకా పెరుగుతుంది. దిగుడులో వేగం వదులుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఎక్కుడులో పడిన శ్రమకు అదే కదా ఫలితం! అయినా రెండు వైపులా పొదలు రోడ్డు అంచు దాకా వచ్చిన చోట నేను 25 దాటనివ్వను.

గంట సంగతికొస్తే, దుప్పి కనబడగానే ఆపకుండా కొట్టండి, అది తప్పుకుంటుంది. మసక వెలుతురులో ముందు లైటును మినుకు మినుకుమనే తీరులో కాకుండా నిలకడగా వెలిగించండి. దూరాన జంటగా మెరిసే చుక్కలు కనిపిస్తే అవి కళ్లేనని గుర్తుపట్టి వేగం తగ్గించవచ్చు.

జవాబు – అచ్చంపేట వాసి

పై మిత్రులు చెప్పిన బ్రేకుల విషయంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ గంట విషయంలో ఏకీభవించలేను. దుప్పి అప్పటికే రోడ్డు మీద నిలబడి ఉంటే గంట కొట్టకూడదు. అది బెదిరితే వచ్చిన వైపుకే తిరగవచ్చు, మీ మీదికే దూకవచ్చు. చప్పుడు చేయవలసింది అది కనబడక ముందు, అంటే మలుపు రాకముందు. చిన్నప్పుడు నన్ను అడవిలోకి తీసుకువెళ్లిన ఒక చెంచు తాత ప్రతి మలుపు ముందూ గట్టిగా గొంతు సవరించుకునేవాడు. సైకిల్ మీద ఇద్దరు వెళ్తుంటే మాట్లాడుకుంటూ వెళ్లండి, అది చాలు. ఒంటరిగా ఉంటే మలుపుకు ముందు రెండుసార్లు గంట కొట్టి, ఆ తరువాత ఊరుకోండి.

దుప్పులు ఒంటరిగా తిరగడం అరుదు. ఒకటి దాటిందంటే అది వచ్చిన వైపు ఇంకా ఉన్నాయనే అనుకుని, ఒక కాలు నేల మీద ఆన్చి, ఆ పొదవైపు చూస్తూ కనీసం ఒక నిమిషం ఆగాలి. పిల్లలు తరచుగా చివరన వస్తాయి. తల్లికీ పిల్లకూ మధ్యకు సైకిల్ వెళ్తే పిల్ల వెనక్కి పారిపోయి తప్పిపోతుంది; అది మనకు కనిపించని నష్టం.

చెట్ల మీద కొండముచ్చులు కనిపిస్తే వాటి కింద తప్పకుండా చూడండి. అవి తింటూ జారవిడిచే ఆకులూ కాయల కోసం దుప్పులు అక్కడ చేరుతాయి. పైన ఉన్న కొండముచ్చు చిరుతనో పులినో చూసి అరిస్తే కింది దుప్పులు మేత మానేస్తాయి. దుప్పి బెదిరినప్పుడు సన్నగా, కీచుగా అరుస్తుంది. కణుజు (సాంబార్ అనే పెద్ద జింక) అరుపు మాత్రం ఖంగుమని దూరం దాకా వినిపిస్తుంది. అలాంటి అరుపులు మళ్లీ మళ్లీ వినిపించే చోట ఫొటో కోసమో, నీళ్ల కోసమో ఆగవద్దు. కణుజు మగది 200 కిలోలు దాటవచ్చు కాబట్టి దాన్ని తగలడమంటే సైకిల్‌తో ఆంబోతును తగలడమేనని మీ తమ్ముడికి చెప్పండి.

ఎలుగుబంటి గురించి అడిగారు. దానికి ముక్కు చురుకైనది, చూపూ వినికిడీ అంత చురుకైనవి కావు. పుట్టలు తవ్వుకుంటూ తల వంచుకుని ఉంటుంది కాబట్టి మనం చప్పుడు లేకుండా దగ్గరికి వెళ్లిపోతే ఉలిక్కిపడి మీద పడుతుంది. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున మరింత జాగ్రత్త అవసరం. దూరంగా కనిపిస్తే దాటిపోయే ప్రయత్నం చేయకుండా ఆగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య అడ్డంగా పెట్టుకుని, వెన్ను చూపకుండా మెల్లగా వెనక్కి నడవండి. వెనుక నుంచి బస్సో లారీయో వచ్చేదాకా ఆగి, దాని వెంట వెళ్లండి. చిరుత విషయంలోనూ ఇంతే: పరుగెత్తితే వెంటపడుతుంది.

ఒక్కమాట బాధతో చెబుతున్నాను. శ్రీశైలం వెళ్లే భక్తులు పుణ్యమనుకుని కోతులకు అరటిపళ్లు, బిస్కట్లు విసరడం వల్ల అవి అడవిలో మేత వెతుక్కోవడం మానేసి రోడ్డు అంచునే కూర్చుంటున్నాయి, వాహనాల కింద పడి చస్తున్నాయి. చేతిలో తిండి ఉందని తెలిసిన కోతి సైకిల్ మీదికి దూకుతుంది. దయచేసి అరటితొక్క కూడా పారేయకుండా జేబులో పెట్టుకుని తీసుకుపొండి.

జవాబు – వర్జీనియా నుంచి ఒక తెలుగువాడు

ఇక్కడ తెల్లతోక జింకలు మా ఇళ్ల పెరళ్లలోకే వస్తాయి. నవంబరు వాటికి జతకట్టే కాలం కాబట్టి, మగవి ఆడవాటి వెంటపడుతూ పట్టపగలు కూడా రోడ్లకు అడ్డం వస్తాయి. పైగా ఆ నెల మొదట్లోనే గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు, దానివల్ల ఆఫీసు నుంచి సైకిల్ మీద ఇంటికి వచ్చే వేళ సరిగ్గా జింకలు తిరిగే చీకటి వేళ అవుతుంది. మా బృందంలో ఒకరిని రెండేళ్ల క్రితం జింక పక్కనుంచి వచ్చి తగిలితే మెడ ఎముక విరిగింది. ఆయన ముందున్న జింకను చూస్తూ రెండోదాన్ని చూడలేదు. అచ్చంపేట మిత్రులు చెప్పిన ఆ ఒక్క నిమిషం ఆగడం ఇక్కడా అంతే నిజం. గాలికి ఈలవేసే పరికరాలు కొందరు కట్టుకుంటారు కానీ, వాటిని నమ్ముకుని వేగం తగ్గించకపోవడం ప్రమాదం.

జవాబు – డాక్టరుగా పనిచేస్తున్న సైక్లిస్టు

వైద్యం వైపు నుంచి రెండు విషయాలు మాత్రమే చెబుతాను. కోతి కరిచినా, గోరుతో రక్కినా, గాయాన్ని వెంటనే పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాల పాటు కడగాలి. పసుపు, కారం, సున్నం లాంటివి ఏవీ పూయకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజక్షన్ కూడా అవసరమవుతుంది. చిన్న గీతే కదా అని శ్రీశైలం దర్శనం ముగించుకుని ఇంటికి వచ్చాక చూసుకుందామనుకోవద్దు, ఎందుకంటే రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

రెండోది, ఆ దారిలో చాలా దూరం ఫోన్ సిగ్నల్ అందదు. పడి తలకు దెబ్బ తగిలితే, హెల్మెట్ పగిలిందేమో చూసుకుని, స్పృహ బాగానే ఉందనిపించినా సైకిల్ ఎక్కకుండా దారిన పోయే వాహనాన్ని ఆపి వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు – మల్కాజ్‌గిరి సైక్లిస్టు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈసారి గేటు తీయగానే కాకుండా 7 గంటలు దాటి, ఎండ రోడ్డు మీద పడ్డాకే బయలుదేరుతాము. దిగుడుల్లో నేను ముందుండి 25 దాటకుండా చూసుకుంటాను, తమ్ముడు నా వెనుక 20 మీటర్ల ఎడంలో వస్తాడు. ఇంకొక్క సందేహం: తిరుగు ప్రయాణంలో, అడవి దారికి శ్రీశైలం వైపు చివరన ఉన్న దోమలపెంట నుంచి ఎన్ని గంటలకు బయలుదేరాలి? రాత్రి 9 లోపు మన్ననూరు దాటితే చాలుననుకున్నాను.

జవాబు – అచ్చంపేట వాసి

9 గంటలనేది గేటు మూసే వేళ, జంతువులకు అది ఎప్పుడో తిరగడం మొదలైపోయిన వేళ. ఈ నెలల్లో పొద్దు 6 లోపే గుంకుతుంది. అక్కడి నుంచి మన్ననూరుకు ఎక్కుడులతో కలిపి మీకు నాలుగైదు గంటలు పడుతుందనుకుని, మధ్యాహ్నం భోజనం త్వరగా ముగించి 12 గంటలకల్లా బయలుదేరండి. ఆలస్యమైతే ఆ రాత్రికి దోమలపెంటలోనే ఆగిపొండి, లేదా సైకిళ్లను ఏదైనా వాహనంలో వేసుకుని రండి.